రెండేళ్ళ ఏఎన్‌ఎం కోర్సు: కట్టిన ఫీజుకు ఏం దక్కుతుంది?

ఇంటర్మీడియట్ పూర్తి చేసి, నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ చదివించే స్తోమత ఇంట్లో లేక, అయినా ప్రభుత్వ వైద్య రంగంలోనే స్థిరపడాలని కోరుకునే ఆడపిల్లలకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ముందుగా గుర్తొచ్చే దారి ఏఎన్‌ఎం (ఆక్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) కోర్సు. నోటిఫికేషన్లలో దీనిని ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) ఫిమేల్ శిక్షణ అని, దీనితో వచ్చే ఉద్యోగాన్ని ఎంపీహెచ్‌ఏ (మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్) ఫిమేల్ పోస్టు అని రాస్తారు. నేను ఈ కోర్సును ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు శిక్షణ సంస్థలో చదివి, ఇప్పుడు ఒక ఉపకేంద్రంలో, అంటే ఊరి స్థాయిలో ఉండే చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో, పనిచేస్తున్నాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చూసిన లోపాలు ఆ ఒక్క చోటివే కావని ఇతర సంస్థల్లో చదివి వచ్చిన సహోద్యోగుల మాటల వల్ల నాకు తెలిసింది. పైగా అక్కడ ఇప్పుడు చదువుతున్న పిల్లలకు నా రాత వల్ల ఇబ్బంది కలగడం నాకు ఇష్టం లేదు. ఈ సమీక్ష ఆ కోర్సు గురించి, దానికి డబ్బు చెల్లించి చేరే విద్యార్థినికి అందే సేవ గురించి.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ కోర్సులో మనం ఫీజు కట్టి కొనుక్కునేది తరగతి గది కాదు, ఆసుపత్రిలోనూ ఊళ్ళలోనూ అనుభవం గల ఒక నర్సు చేతి కింద గడిపే నెలలు. ఆ నెలలు సక్రమంగా దొరికితే ఇంత తక్కువ ఖర్చులో ఇంత ఉపయోగపడే చదువు మరొకటి లేదనే అంటాను. అవి కాగితాల మీదే పూర్తయిపోతే మాత్రం చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది గానీ, పసిబిడ్డ చేతికి సూది వేయమంటే చేయి వణుకుతుంది.

చేరడానికి ఉండాల్సిన అర్హతల్లో పెద్ద చిక్కులేమీ లేవు. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివి ఉండాలన్న నియమం లేదు, ఆర్ట్స్ గ్రూపు వారు కూడా చేరవచ్చు. పదిహేడేళ్ళు నిండి ఉండాలి. ఇది కాక ఇంటర్మీడియట్ ఒకేషనల్‌లోనే ఎంపీహెచ్‌డబ్ల్యూ గ్రూపు తీసుకుని, తరువాత ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక ఏడాది క్లినికల్ శిక్షణ పూర్తి చేసే మార్గం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నియామకాలకు ఆ మార్గంలో వచ్చిన వారిని కూడా అర్హులుగానే తీసుకున్నారు. పదో తరగతి దాటిన వెంటనే నిర్ణయం తీసుకోగలిగిన పిల్లలకు ఇది మేలైన దారి. అయితే ఆ ఏడాది శిక్షణను వాయిదా వేసుకుంటూ పోయి, నోటిఫికేషన్ వచ్చిన నాడు సర్టిఫికెట్ లేక నిలిచిపోయిన వారిని నేను చూశాను. ఏ మార్గంలో చదివినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే ఉద్యోగానికి దరఖాస్తు చేయగలుగుతారు.

తరగతి గది విషయానికి వస్తే, మొదటి సంవత్సరంలో సామాజిక ఆరోగ్య నర్సింగ్, ఆరోగ్య పరిరక్షణ, ప్రాథమిక ఆరోగ్య సేవలు, శిశు ఆరోగ్యం. రెండో సంవత్సరంలో ప్రసూతి శాస్త్రం, ఆరోగ్య కేంద్ర నిర్వహణ ఉంటాయి. పోషకాహారం, శరీర నిర్మాణం, అంటువ్యాధులు, పారిశుధ్యం, ప్రథమ చికిత్స వంటివన్నీ వీటిలోనే వస్తాయి. మా సంస్థలో పాఠాలు చెప్పిన మేడమ్‌లలో ఇద్దరు నిజంగా శ్రద్ధ గలవారు. మిగిలిన పాఠాల్లో ఎక్కువ భాగం నోట్సు రాయించడంతోనే సరిపోయేది. చార్టులు గీయడానికి, రికార్డు పుస్తకాలకు అట్టలు వేసి అలంకరించడానికి మేము వెచ్చించిన సాయంత్రాలను తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ సమయంలో సగమైనా బొమ్మ మీద ప్రసవం చేయించే అభ్యాసానికి ఇచ్చి ఉంటే ఎంతో బాగుండేది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిషు పదాలకు భయపడతారు గానీ ఆ భయానికి కారణం లేదు. మందుల పేర్లు, పరికరాల పేర్లు మొదటి మూడు నెలల్లోనే నోటికి వచ్చేస్తాయి.

అసలు చదువు క్లినికల్ పోస్టింగులతో, అంటే ఆసుపత్రుల్లో పనిచేస్తూ నేర్చుకునే కాలంతో, మొదలవుతుంది, ఈ సమీక్షలో నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది కూడా దాని గురించే. మమ్మల్ని మొదట పంపింది ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి). అక్కడ టీకాల రోజు ఉదయాన్నే వ్యాక్సిన్ క్యారియర్ (టీకాలను చల్లగా ఉంచి మోసుకెళ్ళే డబ్బా) సర్దే పని మాకు అప్పగించారు. చూడటానికి అది డబ్బాలో ఐస్ ప్యాకులు పెట్టే పని మాత్రమే. కానీ డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాకును వెంటనే క్యారియర్‌లో పెట్టకూడదని, కొంతసేపు బయట ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టాలని అక్కడి స్టాఫ్ నర్సు చేసి చూపించారు. గడ్డకట్టిన ప్యాకుకు ఆనుకుని ఉంటే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా), హెపటైటిస్ బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) వంటి టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ఎండకు చెడిపోయే టీకా గురించి అందరూ జాగ్రత్తపడతారు గానీ, చలికి చెడిపోయే టీకా గురించి ఆలోచించేవారు తక్కువ. టీకాలను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలన్న వాక్యాన్ని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. దాని అర్థం మాత్రం ఆ ఐస్ ప్యాకు చప్పుడుతోనే నాకు తెలిసింది.

క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వేయడం కూడా అలాగే నేర్చుకున్నాను. పుట్టిన బిడ్డ ఎడమ చేతి పైభాగంలో, చర్మం పొరల మధ్యకే సూది వెళ్ళాలి. నెల లోపు బిడ్డకు ఇవ్వాల్సింది 0.05 మిల్లీలీటర్లు మాత్రమే. ‘చూడమ్మా, తోలు కింద సూది మొన కనపడుతూ ఉండాలి, కనపడటం లేదంటే లోతుకు పోయినట్టే’ అని నా మణికట్టు పట్టుకుని ఆ సిస్టర్ చెప్పేవారు. మందు సరైన చోట దిగితే పిస్టన్ కొంచెం మొరాయిస్తుంది, చర్మం మీద చిన్న తెల్లని బొబ్బ లేస్తుంది. మందు సులువుగా దిగిపోయిందంటే సూది లోతుకు వెళ్ళిందని అర్థం, అలాంటప్పుడు తరువాత చీముగడ్డ కట్టే అవకాశం ఉంటుంది. బీసీజీని, తట్టు రూబెల్లా టీకాను ద్రావకంతో కలిపిన తరువాత నాలుగు గంటలకు మించి వాడకూడదు కనుక, కలిపిన సమయాన్ని వయల్ మీద రాసే అలవాటు కూడా ఆ బల్ల దగ్గరే నాకు పడింది. టీకా వేయించుకున్న బిడ్డను అరగంట పాటు అక్కడే ఉంచమని తల్లికి చెప్పడం, రాత్రికి జ్వరం రావచ్చని ముందే హెచ్చరించడం, తదుపరి తేదీని కార్డు మీద రాసి ఆ కార్డును భద్రపరచమనడం కూడా టీకా వేయడంలో భాగమే. ఈ నాలుగు మాటలు చెప్పకపోతే ఆ తల్లి మరుసటి టీకాకు రాదు.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. మా బ్యాచ్‌లో అందరికీ ఈ అవకాశం దక్కలేదు. మరికొందరిని పట్టణంలోని ఒక పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడికి జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ విద్యార్థినులు కూడా వస్తారు కాబట్టి ఏఎన్‌ఎం పిల్లల వంతు వచ్చేసరికి పరుపు దుప్పట్లు మార్చడం, బీపీలు చూడటం, కేస్ షీట్లు మోసుకెళ్ళడం మాత్రమే మిగిలేవి. ప్రసూతి గదిలోనైతే వారు గోడకు ఆనుకుని నిలబడి చూసినవే ఎక్కువ. అయినా విద్యార్థిని చేసిన పనులను నమోదు చేసే కేస్ బుక్‌లో ప్రసవాల సంఖ్య అందరికీ ఒకేలా నిండిపోయింది. నేను మా సంస్థను తప్పుపట్టేది ప్రధానంగా ఇక్కడే. పాత భవనం, ఇరుకు హాస్టల్, చాలని లైబ్రరీ వంటివాటిని సర్దుకుపోవచ్చు గానీ, చేయని ప్రసవాన్ని చేసినట్టు రాయించడం సర్దుకుపోగలిగిన విషయం కాదు.

ఏఎన్‌ఎం ఇప్పుడు ప్రసవాలు చేస్తోందా అని కొందరు అడుగుతారు. మైదాన ప్రాంతాల్లో కాన్పులు దాదాపుగా ఆసుపత్రులకు మారిన మాట నిజమే. కానీ ఈ కోర్సు చరిత్రను చూస్తే ఈ ప్రశ్న ఎంత పాతదో తెలుస్తుంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫార్సుతో, అంతకుముందు ప్రధానంగా మంత్రసాని పని చేస్తూ వచ్చిన ఏఎన్‌ఎంను అన్ని ఆరోగ్య కార్యక్రమాలూ చూసే బహుళార్థ కార్యకర్తగా మార్చారు. 1977లో శిక్షణ కాలాన్ని రెండేళ్ళ నుంచి పద్దెనిమిది నెలలకు కుదించారు, ప్రసూతి శిక్షణ కాలం కూడా దానితో పాటే తగ్గింది. ఇప్పటి పాఠ్యప్రణాళికలో మళ్ళీ రెండేళ్ళు చేసి, అందులో ఆరు నెలలను ఇంటర్న్‌షిప్‌కు కేటాయించారు. ఆ ఆరు నెలలను ప్రసూతి గదిలో గడపనివ్వకపోతే కాలం పెంచిన ప్రయోజనమే పోతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ గ్రామాల నుంచి గర్భిణిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చే పరిస్థితి ఉన్నంతకాలం, దారి మధ్యలో కాన్పు అయితే చేయి అందించగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఏఎన్‌ఎం ఒక్కతే కావచ్చు. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపే ముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చే అధికారం కూడా కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆమెకు ఉంది. ఆ సూదిని శిక్షణలో ఒక్కసారైనా పక్కన నిలబడి చూడని అమ్మాయి దానిని అర్ధరాత్రి ఒంటరిగా ఇవ్వగలదని నేను అనుకోను.

గ్రామంలో పోస్టింగు విషయంలో మాత్రం మా సంస్థకు నిండు మార్కులు ఇస్తాను. ఒక సీనియర్ ఏఎన్‌ఎం వెంట మమ్మల్ని ఇంటింటికీ తిప్పారు. మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో మూడు వేలకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది నియమం. ఆ ఐదు వేల మందిలో ఏ ఇంట్లో గర్భిణి ఉన్నదీ, ఏ బిడ్డకు టీకా తప్పిపోయిందీ, ఏ తాతకు షుగర్ మాత్రలు అయిపోయాయో ఆవిడకు పుస్తకం తెరవకుండానే గుర్తుండేది. రక్తం తక్కువగా ఉన్న గర్భిణి ఐరన్ మాత్రలు తీసుకుంటున్నానని చెబితే ఆవిడ నమ్మేవారు కాదు, అలాగని గద్దించేవారూ కాదు. ఐరన్ మాత్రలు మింగితే మలం నల్లబడుతుంది కనుక, మలం నల్లగా వస్తోందా అని మెల్లగా అడిగేవారు. కాదని జవాబు వస్తే, మాత్ర మింగితే వికారంగా ఉందా, అత్తగారు బిడ్డ నల్లగా పుడుతుందని వద్దన్నారా అని విచారించి, అత్తగారినే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడేవారు. హిమోగ్లోబిన్ ఏడు గ్రాముల కంటే తక్కువైతే అది తీవ్ర రక్తహీనత అన్న పాఠం పుస్తకంలో ఉంది గానీ, మాత్రలు పెట్టె అడుగునే ఉండిపోవడానికి గల కారణాన్ని ఇలా రాబట్టడం ఏ పుస్తకంలోనూ లేదు. ఆశా కార్యకర్తతో ఎలా మెలగాలో కూడా అక్కడే నేర్చుకున్నాను. ఊరి గురించి ఆమెకు తెలిసినంత కొత్తగా వచ్చిన ఏఎన్‌ఎంకు ఎప్పటికీ తెలియదు, ఆమెను పనిమనిషిలా చూసే ఏఎన్‌ఎం ఆ ఊళ్ళో నెగ్గుకు రాలేదు.

కోర్సు పూర్తిగా విస్మరించిన విషయం డేటా పని. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు ఎదురైంది ట్యాబు. గర్భిణుల నమోదు, టీకాల నమోదు, బీపీ, షుగర్ సర్వే, నెలవారీ నివేదికలు ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కో యాప్‌లో ఎక్కించాలి, రిజిస్టర్లలోనూ రాయాలి. ఏఎన్‌ఎంల కోసం రూపొందించిన అన్మోల్ యాప్ 2016లో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. అయినా ఇన్నేళ్ళ తరువాత కూడా మా శిక్షణలో ఒక్క యాప్ తెరను చూపించినవారు లేరు. సిగ్నల్ లేని ఊళ్ళో పగలు సూదులు వేసి, రాత్రి ఇంటికి వచ్చి వివరాలు ఎక్కించాల్సి రావడం ఈ ఉద్యోగంలో అందరికంటే కొత్తవారిని ఎక్కువగా కుంగదీసే విషయం. చేరబోయే పిల్లలు కంప్యూటర్ టైపింగ్, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ, ముందే నేర్చుకుని రావాలని నా సలహా.

ఉద్యోగావకాశాల గురించి సంస్థలు చెప్పే మాటలను పూర్తిగా నమ్మవద్దు. ప్రకటన పత్రాల్లో కనిపించే వంద శాతం ఉద్యోగ హామీకి అర్థం లేదు, ఎందుకంటే ప్రభుత్వ నియామకం ఏ ప్రైవేటు సంస్థ చేతిలోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం పెద్ద ఎత్తున ఏఎన్‌ఎం నియామకాలు రాత పరీక్ష ద్వారా జరిగాయి. ఎంపికైనవారు మొదట ప్రొబేషన్ కాలంలో నెలకు రూ.15,000 స్థిర వేతనంపై పనిచేశారు. అలాంటి అవకాశం ఏటా రాదు. మధ్యకాలంలో జిల్లా స్థాయిలో వెలువడే కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ నోటిఫికేషన్ల మీదే ఆధారపడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి కాంట్రాక్టు పారామెడికల్ పోస్టులకు సాధారణంగా 75 శాతం వెయిటేజీ కోర్సులో వచ్చిన మార్కులకే ఉంటుంది. కోర్సు పూర్తయి గడిచిన ప్రతి సంవత్సరానికి ఒక మార్కు చొప్పున పది వరకు, గతంలో చేసిన కాంట్రాక్టు సేవకు పదిహేను వరకు కలుపుతారు. గిరిజన ప్రాంతంలో చేసిన సేవకు పట్టణంలో చేసినదాని కంటే ఎక్కువ మార్కులు వస్తాయి. కాబట్టి పాసైతే చాలు అనుకుని చదివే పిల్లలు తరువాత చింతించాల్సి వస్తుంది. తెలంగాణలో మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2023లో 1,520 ఎంపీహెచ్‌ఏ ఫిమేల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రాత పరీక్షకు 80, ప్రభుత్వ వైద్య సంస్థల్లో చేసిన కాంట్రాక్టు సేవకు 20 పాయింట్లు కేటాయించింది. రెండు రాష్ట్రాల్లోనూ తాత్కాలిక సేవకు విలువ ఉందని దీనివల్ల స్పష్టమవుతోంది. జీతం తక్కువని మొదటి కాంట్రాక్టు ఉద్యోగాన్ని వదులుకోవద్దని నేను నా చెల్లెలి వయసు పిల్లలకు చెప్పేది ఇందుకే. అయితే ఆ సేవకు సంబంధించిన ధ్రువపత్రాన్ని సంతకంతో, ముద్రతో ఎప్పటికప్పుడు తీసి పెట్టుకోవాలి. అధికారి బదిలీ అయ్యాక దాని కోసం తిరగడం చాలా కష్టం.

డబ్బు వ్యవహారంలో మా సంస్థ తీరు నాకు నచ్చలేదు. చేరేటప్పుడు చెప్పిన ఫీజు ఒకటి, యూనిఫాం, పరీక్ష, రికార్డు, క్లినికల్ పేర్లతో తరువాత అడిగినవి వేరు. ఇంటర్మీడియట్ ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గరే ఉంచుకుని, చివరి బకాయి తీరేదాకా ఇవ్వలేదు. నా స్నేహితురాలు ఒక దరఖాస్తుకు గడువు దాటిపోతుందేమోనని ఏడ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆమె తండ్రి అప్పు చేసి తెచ్చి కట్టాక గానీ కాగితాలు చేతికి రాలేదు. చేరే ముందు మొత్తం ఫీజును ఒకే కాగితం మీద రాయించుకోవాలి, కట్టిన ప్రతి రూపాయికి రసీదు అడగాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందని నోటిమాటగా చెబితే సరిపోదని గుర్తుంచుకోవాలి. సంస్థకు కౌన్సిల్ గుర్తింపు ఆ విద్యా సంవత్సరానికి ఉందో లేదో కౌన్సిల్ జాబితాలోనే చూసుకోవాలి, సంస్థ గోడకు వేలాడే పాత పత్రంలో కాదు. వీటన్నిటికంటే ముఖ్యంగా, ఏ పీహెచ్‌సీకి, ఏ ఆసుపత్రికి పిల్లలను పంపుతారో అడిగి, ఒక టీకాల రోజున, అంటే బుధవారమో శనివారమో, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళి రావాలి. అక్కడి స్టాఫ్ నర్సును ఫలానా సంస్థ పిల్లలు వస్తారా, వచ్చి ఏం చేస్తారు అని అడిగితే, నాకు తెలిసినంతలో ఆవిడ దాచకుండానే చెబుతారు.

ఇక ఈ చదువుతో ఎంతవరకు ఎదగగలమన్నది న్యాయమైన ప్రశ్న. ఏఎన్‌ఎంగా చేరినవారికి సీనియారిటీ మీద, ఆరు నెలల శిక్షణ తరువాత హెల్త్ సూపర్‌వైజర్‌గా పదోన్నతి ఉంటుంది గానీ, పోస్టులు తక్కువ కనుక దానికి చాలా ఏళ్ళు పడుతుంది. 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాల్లో నియమిస్తున్న మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల పోస్టులకు బీఎస్సీ నర్సింగ్ వంటి ఉన్నత అర్హత కావాలి. ఇరవై ఏళ్ళ అనుభవం గల ఏఎన్‌ఎం, నిన్న చేరిన అమ్మాయి కింద పనిచేయాల్సి రావడం కొందరికి మనస్తాపం కలిగిస్తోంది, ఆ బాధలో న్యాయం ఉంది. అయితే దారి మూసుకుపోలేదు. రిజిస్టర్ అయిన ఏఎన్‌ఎంలు జీఎన్‌ఎం కోర్సులో చేరడానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాలు అనుమతిస్తాయి, జీఎన్‌ఎం తరువాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. మా బ్యాచ్‌లో ఒక అక్క అంతకుముందు ఆశా కార్యకర్తగా పనిచేసి, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక ఏఎన్‌ఎం చదివింది, ఇప్పుడు జీఎన్‌ఎం రెండో సంవత్సరంలో ఉంది. క్లినికల్ పోస్టింగులో బిడ్డ కాలి తొడను పట్టుకుని పెంటావాలెంట్ సూదిని ఆమె వేసే తీరును మా సిస్టర్ మిగిలిన మా అందరికీ చూపించేవారు.